సీటు మెత్తగా ఉంటే చాలదమ్మా, సరిపోవాలి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటాం, స్కూల్లో టీచర్‌ని. ఆర్నెల్ల క్రితం గేర్ల సైకిల్ కొన్నాను. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద రుషికొండ వైపు వెళ్తుంటాను. మొదటి అరగంట హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత పిరుదుల దగ్గర నొప్పి మొదలవుతుంది, ముందు వైపు మొద్దుబారిపోతుంది. ఇంటికొచ్చి స్నానం చేస్తే మంట. షాపతను జెల్ కవర్ వేశాడు, ఇంకా ఎక్కువైంది. మా వారేమో ‘అలవాటైతే అదే పోతుంది’ అంటారు. లేడీస్ సీటు అని బాగా వెడల్పాటిది ఒకటి చూపించారు, కొనమంటారా? ఫ్రెండ్స్ ఈ ఆదివారం భీమిలి దాకా రమ్మంటున్నారు, వెళ్లొచ్చా? ఎవరినైనా అడగాలంటే సిగ్గుగా ఉంది. దయచేసి పేరు వేయకండి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, మీరు ఒక నొప్పి అనుకుంటున్నారు గానీ మీ ఉత్తరంలో రెండున్నాయి. పిరుదుల దగ్గర ఎముకల నొప్పి ఒకటి. ముందు వైపు మొద్దుబారడం, మంట రెండోది. మొదటిదాని విషయంలో మీ వారి మాటలో కొంత నిజముంది. కొత్తగా సైకిలెక్కినవాళ్లకి రెండు మూడు వారాలు అక్కడ నొప్పిగానే ఉంటుంది, క్రమం తప్పకుండా తొక్కితే తగ్గిపోతుంది. రెండోది మాత్రం అలవాటు పడాల్సిన విషయమే కాదు. అక్కడి నరాలూ రక్తనాళాలూ సీటుకీ శరీరానికీ మధ్య నొక్కుకుపోతున్నాయి కాబట్టే మొద్దుబారుతోంది. ఆర్నెల్లుగా ఓర్చుకున్నారు, ఇక చాలు.

సిగ్గు అన్నారు. ఈ గొడవ సైకిల్ పుట్టినప్పట్నుంచీ ఉన్నదే. 1890ల్లోనే యూరప్‌లో, అమెరికాలో మధ్యలో గాడి పెట్టిన సీట్లనీ, బెజ్జం పెట్టిన సీట్లనీ ఆరోగ్యానికి మంచివంటూ ప్రకటనలిచ్చి అమ్మారు. 1985లో జార్జీనా టెర్రీ అనే అమెరికన్ మెకానికల్ ఇంజినీరు ఆడవాళ్ల కొలతలకని సైకిళ్ల కంపెనీయే పెట్టింది. తర్వాత ఆమె కంపెనీ తెచ్చిన ముక్కు దగ్గర బెజ్జమున్న సీటుకి చాలా పేరొచ్చింది. అంత పాత సమస్య ఇది. షాపులో అడగడానికి మొహమాటమైతే ‘ముందు వైపు ఒత్తుకుంటోంది’ అనండి చాలు, పని తెలిసిన మెకానిక్‌కి అర్థమైపోతుంది. అర్థం కానివాడి దగ్గర ఎలాగూ కొనక్కర్లేదు.

గట్టి బల్ల మీద కూర్చుని రెండు అరచేతులూ పిరుదుల కిందికి పోనివ్వండి. రెండు ఎముకలు చేతులకి గుచ్చుకుంటాయి. సైకిల్ మీద మన బరువు మోయాల్సింది ఆ రెండే. వాటి మధ్యనున్న మెత్తటి భాగం మీద బరువు పడకూడదు. సీటు సన్నగా ఉంటే ఆ ఎముకలకి ఆసరా దొరకదు, అవి అంచులు దాటి కిందికి జారతాయి, బరువంతా మధ్యలో పడుతుంది. సగటున ఆడవాళ్లకి ఆ ఎముకల మధ్య ఎడం మగవాళ్లకంటే ఎక్కువే. కానీ అది సగటు లెక్క. బక్కపలచని మనిషికి ఎడం ఎక్కువుండొచ్చు, ఒళ్లున్న మనిషికి తక్కువుండొచ్చు. అద్దంలో చూసుకుంటే తెలిసేది కాదు. కొలుచుకోవాల్సిందే.

జెల్ కవర్ ఎందుకు పనిచేయలేదంటే, తడి ఇసుకలో కాలు పెడితే వేళ్ల సందుల్లోంచి ఇసుక పైకొస్తుంది చూడండి, అక్కడా జరిగేది అదే. ఎముకలు జెల్‌లోకి దిగబడతాయి, పక్కకి తప్పుకున్న జెల్ మధ్యలో ఉబ్బి, ఒత్తిడి ఉండకూడని చోటే ఒత్తుతుంది. పైగా ఆ కవర్ తొక్కుతున్నంతసేపూ అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది, అదీ రాపిడే. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయే సీటు షాపులో నిమిషంపాటు కూర్చుని చూడ్డానికి బాగుంటుంది, బీచ్ రోడ్డు మీద గంటసేపు కూర్చోవడానికి పనికిరాదు. ఆ కవర్ ఇవాళే తీసేయండి.

ఇక కొలత. కిరాణా కొట్లో అట్టపెట్టె ఒకటి అడగండి. బిస్కెట్లో సబ్బులో వచ్చేవి, లోపల మడతలు మడతలుగా ఉండే అట్ట. ఒక పలక కోసి, మెట్టు మీదో రాతి గట్టు మీదో పెట్టి, పల్చటి బట్టలతో దాని మీద కూర్చోండి. సోఫా మీదా పరుపు మీదా వద్దు. మడమలు కాస్త పైకి లేపి, మీరు సైకిల్ మీద ఎంత ముందుకి వంగుతారో అంతే వంగి, ఓ నిమిషం కదలకుండా ఉండి లేవండి. అట్ట మీద రెండు గుంటలు పడతాయి. సరిగ్గా కనిపించకపోతే పిల్లల రంగు క్రేయాన్‌ని అడ్డంగా పట్టుకుని అట్టంతా తేలిగ్గా రుద్దండి. రంగు అంటని చోటే గుంట. ఒక గుంట నడిమధ్య నుంచి రెండోదాని నడిమధ్యకి స్కేలు పెట్టి కొలవండి. రెండుసార్లు చేసి చూసుకుంటే మంచిది, ఒకసారి వంకరగా కూర్చుంటాం.

వచ్చిన కొలతకి రెండు నుంచి మూడు సెంటీమీటర్లు కలిపితే మీకు కావాల్సిన సీటు వెడల్పు దాదాపుగా తెలుస్తుంది. గుంటల మధ్య పన్నెండున్నర వచ్చిందనుకోండి, పద్నాలుగున్నర నుంచి పదిహేనున్నర సెంటీమీటర్ల సీటు చూడాలి. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకి ఇంకాస్త ఎక్కువ కావాలి, బాగా వంగేవాళ్లకి కొంచెం తక్కువ. మంచి సీట్ల అడుగున 143, 155, 168 అని మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. లేకపోతే వెనకవైపు బాగా వెడల్పైన చోట టేపు పెట్టి కొలవమనండి.

మీకు చూపించిన వెడల్పాటి లేడీస్ సీటు గురించి నా మాట: ఇప్పుడే కొనకండి. స్ప్రింగులూ దిండూ ఉన్న ఆ సీటు లేడీబర్డ్ లాంటి సైకిల్‌కి సరిపోతుంది. దాని హ్యాండిల్ పైకి, మన వైపుకి వంగి ఉంటుంది. నిటారుగా కూర్చుంటాం, దూరమూ మార్కెట్టు దాకానే. మీ గేర్ల సైకిల్ మీద కొంచెం ముందుకి వంగి తొక్కుతారు. అంత వెడల్పుంటే తొడల లోపలి భాగం ప్రతి తొక్కుడికీ రాసుకుంటుంది, ఉన్న మంటకి ఇంకో మంట తోడవుతుంది. లేడీస్ అని రాసినంత మాత్రాన సరిపోతుందనేమీ లేదు. కొన్నిటికి గులాబీ రంగు కుట్లు వేసి ఆ పేరు తగిలిస్తారు, అంతే. మీ కొలతకి సరిపోతే మగవాళ్ల పేరుతో అమ్మే సీటైనా నిక్షేపంగా వాడొచ్చు.

అసలు కొత్త సీటు కొనేముందు ఉన్నదాన్ని సరిగ్గా బిగించి చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. అలెన్ కీ (ఆరు పలకల మొన ఉండే, ఎల్ ఆకారపు వంకర కమ్మీ) ఒకటుంటే చాలు, ఎక్కువ సైకిళ్లకి 5 లేదా 6 మిల్లీమీటర్లది సరిపోతుంది. పని మొదలుపెట్టే ముందు నెయిల్ పాలిష్‌తో సీటు రాడ్డు మీద ఇప్పుడున్న ఎత్తు దగ్గర ఒక గీత, సీటు కింది కమ్మీల మీద, వాటిని పట్టి ఉంచే క్లాంపు అంచు దగ్గర ఇంకో గీత పెట్టుకోండి. మార్చింది నచ్చకపోతే వెనక్కి రావడం తేలిక. రెండు మూడు ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

ముందు ఎత్తు. మనలో చాలామంది సీటు కిందికి దించేసుకుంటాం. ఇసుకతోట సిగ్నల్ దగ్గర బస్సులూ ఆటోల మధ్య ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనకపోతే టెన్షన్. కానీ సీటు అంత కిందికి ఉంటే కాళ్లు బరువు మోయవు, ఒళ్లంతా మూటలా సీటు మీదే పడుతుంది. గోడ పట్టుకుని సైకిలెక్కి, పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెట్టండి. మోకాలు నిటారుగా అవ్వాలి. మామూలుగా తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి అప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది. అదే సరైన ఎత్తు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగి నిలబడటం అలవాటు చేసుకోండి. ట్రాఫిక్ లేని చోట ప్రాక్టీస్ చేస్తే తొందరగానే వచ్చేస్తుంది. మరీ ఎత్తైనా ఇబ్బందే. నడుము అటూ ఇటూ ఊగుతుంది, సీటు మధ్యభాగం కోసేస్తుంది. ఇది మనకి మనం చూసుకోలేం. అలవాటైపోతుందన్న మీ వారికే ఈ పని చెప్పండి: స్కూటర్ మీద వెనకాల వస్తే కుదరదు, ఒకచోట నిలబడి మీరు ముందుకి వెళ్తుంటే వెనకనుంచి ఫోన్లో వీడియో తీయాలి. నడుము ఊగుతుంటే అర సెంటీమీటరు దించండి.

తర్వాత వాలు. చదునైన నేల మీద సైకిల్ నిలబెట్టి, సీటు మీద పొడవుగా ఓ అట్ట పెట్టి దాని మీద మేస్త్రీల రసమట్టం పెట్టండి. ఫోన్లో ఉండే మట్టం యాప్ అయినా సరే. సీటు ముక్కు పైకి లేచి ఉంటే మీ తిమ్మిరికి కారణం అక్కడే దొరికినట్టు. సమానంగా పెట్టి రెండ్రోజులు చూడండి. ఇంకా ఒత్తుతుంటే ముక్కు ఒకటి రెండు డిగ్రీలు దించండి, చూపుకి తెలిసీ తెలియనంత. ఒత్తుకుంటోంది కదా అని మరీ కిందికి వంచేస్తే మనం ముందుకి జారుతూ ఉంటాం, ఆపుకోవడానికి చేతుల మీద బరువేస్తాం, అప్పుడు అరచేతులు తిమ్మిరెక్కుతాయి.

ఎవరూ పట్టించుకోనిది హ్యాండిల్. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట దాని మీదే అనుమానం వచ్చింది. హ్యాండిల్ మనకి దూరంగానో కిందికో ఉంటే దాన్ని అందుకోవడానికి నడుము ముందుకి దొర్లుతుంది, బరువు వెనక ఎముకల మీంచి ముందుకి వచ్చేస్తుంది. ఇంకొంతమంది తమకి తెలియకుండానే జరిగి జరిగి సీటు ముక్కు మీదికి వచ్చి కూర్చుంటారు. వెనకాల ఎంత మంచి వెడల్పున్నా ఏం లాభం, మీరు కూర్చున్నది అక్కడ కాదు కదా! షాపుల్లో స్టాకులో ఉన్న సైజే అంటగట్టడం మామూలే, ఫ్రేము మీకంటే ఒక సైజు పెద్దదేమో చూసుకోండి. పరీక్ష తేలికే. తొక్కుతూ ఉండగా మోచేతులు కొంచెం వంగి ఉన్నాయా, కర్రల్లా చాచుకుని ఉన్నాయా చూడండి. చాచుకుని ఉంటే సీటుని కమ్మీల మీద అర సెంటీమీటరు ముందుకి జరపొచ్చు. అంతకన్నా ఎక్కువ జరిపితే మోకాళ్లు ఊరుకోవు. దాని బదులు హ్యాండిల్‌ని మెకానిక్ చేత పైకి లేపించండి, లేదా దాన్ని పట్టి ఉంచే స్టెమ్‌ని పొట్టిది వేయించండి. పెద్ద ఖర్చేం కాదు.

ఇన్ని చేసినా తిమ్మిరి తగ్గకపోతే అప్పుడు కొత్త సీటు. మీ కొలత వెడల్పులో, గట్టి ఫోమ్‌తో, మధ్యలో గాడి గానీ బెజ్జం గానీ ఉన్నది, ముక్కు కాస్త పొట్టిగా ఉన్నది చూడండి. బెజ్జం అందరికీ పడదు, కొంతమందికి దాని అంచులే గుచ్చుకుంటాయి. అలాంటివాళ్లకి లోతైన గాడి నయం. కొనేటప్పుడు ‘వారంలో నప్పకపోతే మార్చిస్తారా’ అని ముందే అడిగి, అవునంటేనే డబ్బులివ్వండి. మీ భీమిలి స్నేహితురాళ్లలో ఎవరిదైనా మీ కొలతకి దగ్గరగా ఉంటే రెండ్రోజులు అరువు తెచ్చుకుని బిగించుకోండి. ఇప్పటి సైకిళ్లకి కమ్మీలు దాదాపు ఒకే కొలత కాబట్టి ఒకరిది ఇంకొకరికి పడుతుంది. తోలు సీట్ల గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు మీకు. ఇంగ్లండులో 1866లో మొదలైన బ్రూక్స్ వాళ్లవి ఇప్పటికీ వస్తున్నాయి, వందల కిలోమీటర్లు తొక్కాక మన ఒంటికి తగ్గట్టు వంగుతాయి, వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. చెమటా వానా ఉప్పుగాలీ ఉన్న మన ఊళ్లో దాన్ని కాపాడుకోవడం ఒక పని. మీకొద్దు.

బట్టల సంగతి మీరు రాయలేదు. జీన్స్ వేసుకుంటుంటే మానేయండి, నాలుగు కుట్లు కలిసే ముడి సరిగ్గా ఒత్తకూడని చోటే ఉంటుంది. లెగ్గింగ్స్‌లోనూ మధ్య కుట్టు లావుగా ఉంటే అదే బాధ. సైక్లింగ్‌కని అమ్మే ప్యాడెడ్ షార్ట్స్ ఆడవాళ్ల కొలతవి కొనుక్కోండి, మగవాళ్లవాటి ప్యాడ్ ఆకారం వేరు. అవి బయటికి కనిపించాల్సిన పని లేదు, పైన వదులు ట్రాక్ ప్యాంటో పొడుగు కుర్తీయో వేసుకోవచ్చు. కుర్తీ అయితే అంచులు చక్రంలో పడకుండా ముడేసుకోండి, చున్నీ వద్దు. ఇంకో మాట, ప్యాడెడ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. లోపలి బట్ట అంచులు చెమటకి తడిసి రాసుకోకుండా ఉండటానికే ఆ ప్యాడ్ పెట్టింది. అందుకే ఒకసారి వేసుకున్నది ఉతక్కుండా రెండోసారి వేసుకోకూడదు. తిరగేసి ఎండలో ఆరేయండి. వానాకాలంలో మన దగ్గర ఏదీ ఓ పట్టాన ఆరదు కాబట్టి రెండు జతలుంచుకోండి.

వైజాగ్ ఉక్కపోతలో మంటకి సగం కారణం చెమటే. రైడ్ అయ్యాక కాఫీ, కబుర్లంటూ అదే తడి బట్టల్లో కూర్చోకండి. ఇంటికి రాగానే మార్చుకుని మామూలు నీళ్లతో కడుక్కోండి, సబ్బు పెట్టి రుద్దక్కర్లేదు. పౌడర్ వద్దే వద్దు, చెమటకి ముద్ద కట్టి గరుకవుతుంది. తొడల మడతల్లో రాసుకునేచోట పల్చగా వాసెలీన్ రాస్తే చాలు. రేజర్‌తో తీసేసే అలవాటుంటే కొన్నాళ్లు ఆపి కత్తిరించుకోండి, మళ్లీ మొలిచే వెంట్రుక కొన చర్మంలోకి తిరిగి కురుపులవుతాయి. నెలసరి రోజుల్లో శానిటరీ ప్యాడ్ అంచులు ఇంకా రాస్తాయి. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్లకి ఆ ఇబ్బంది ఉండదు. లేకపోతే ఆ రెండ్రోజులు నడవండి.

సైకిల్ సీటు సర్దుకునే లోపు డాక్టర్‌కి చూపించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. దిగాక గంటలు గడిచినా తిమ్మిరి పోకపోవడం, ఒక పక్క వాపో గడ్డో తగలడం, జ్వరంతో కూడిన కురుపు, మూత్రం పోసేటప్పుడు మంట. మీరు స్నానమప్పుడు మంట అన్నారు. అది పైచర్మం ఒరుసుకున్నదైతే నాలుగైదు రోజులు సైకిల్ ఆపితే మానిపోతుంది. మానకపోయినా, మూత్రంలో మంటగా ఉన్నా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, సైకిల్ తొక్కుతానని కూడా చెప్పండి. మీ వయసులో హార్మోన్ల మార్పులకి అక్కడి చర్మం పొడిబారడం మొదలవ్వచ్చు, అదే కారణమైతే ఎన్ని సీట్లు మార్చినా లాభముండదు.

ఇక ఆదివారం సంగతి. వద్దమ్మా, ఈ ఆదివారం వద్దు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి సుమారు 25 కిలోమీటర్లు, రానూపోనూ రెట్టింపు. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. దక్షిణం గాలి లేచిన రోజైతే తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి. గాలిని తప్పించుకోవడానికి ఇంకా వంగుతారు, బరువు మళ్లీ ముందుకే వస్తుంది. ఈ వారం కవర్ తీసేసి, ఎత్తూ వాలూ సరిచేసుకుని, రోజూ వెళ్లే దూరమే వెళ్లండి. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు వచ్చినప్పుడు సీటు మీంచి లేచి నిలబడి తొక్కండి. మామూలు రోడ్డు మీద కూడా ప్రతి పది నిమిషాలకోసారి కాసేపు లేవండి, రక్తం ఆడుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద కూర్చుని ఎక్కకండి. గంటసేపు తిమ్మిరి లేకుండా తొక్కగలిగిన రోజు, ఆ పై ఆదివారానికి భీమిలి ప్లాన్ చేసుకోండి. వెళ్లేటప్పుడు అలెన్ కీ సంచిలో పెట్టుకోండి, కొత్తగా బిగించిన సీటు గతుకులకి కొంచెం కొంచెంగా ముక్కు లేపుతుంది, ఫోన్లో మట్టం యాప్ చూసి మళ్లీ బిగించుకోవచ్చు. సముద్రం పక్కన తిరిగే సైకిల్ కాబట్టి నెల రెండు నెలలకోసారి సీటు రాడ్డు బయటికి లాగి తుడిచి, పల్చగా గ్రీజు రాయించండి. ఉప్పుగాలికి అది లోపలే పట్టేసిందంటే సీటు ఎత్తు మార్చడం మెకానిక్ వల్ల కూడా కాదు.